తోటి జవానుపై తుపాకీ పేలిస్తే విచారణ ఎవరిది?

మొన్నటి చలికాలంలో ఒక సాయంత్రం శ్రీకాకుళంలో మా ఇంటి అరుగు మీద ఒక తండ్రి కూర్చుని ఉన్నాడు. ఊరు ఉద్దానం వైపు. ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు, అది మళ్లీ మోగుతుందేమోనన్న భయంతో. కొడుకు ఏడేళ్లుగా ఆర్మీలో ఉన్నాడు. ఆ ఉదయం యూనిట్ నుంచి ఎవరో సుబేదారు ఫోను చేసి హిందీలో మాట్లాడాడట. ఈయనకు అర్థమైనవి మూడే మాటలు: కొడుకు పేరు, 'గోలీ', 'క్వార్టర్ గార్డు'.

"బాబూ, మావాడు తోటివాడిని కాల్చాడంటున్నారు. ఆ అబ్బాయి ఆస్పత్రిలో ఉన్నాడట. ఇక్కడి కోర్టులో బెయిలు కాగితం వేయవచ్చా? లేకపోతే అక్కడికక్కడే ఉరి తీసేస్తారా?"

క్రిమినల్ కేసులు చూసే వకీలునే అయినా ఆయనకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన జిల్లాల్లో తెల్లవారుజామున రోడ్డు వెంట పరుగు తీసే కుర్రాళ్లు లేని ఊరు అరుదు. 1,600 మీటర్లు ఎన్ని నిమిషాల్లో పరుగెత్తాలో, ఛాతీ ఎంత ఉబ్బాలో పదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. కోరుకొండ సైనిక్ స్కూలు 1962 నుంచి విజయనగరం పక్కనే ఉంది. ఆ పట్టణంలో ఒక ప్రాంతాన్ని ఇప్పటికీ కంటోన్మెంట్ అనే పిలుస్తారు. సైన్యంలోకి వెళ్లే దారి మనకు ఇంత బాగా తెలుసు. లోపల నడిచే చట్టం మాత్రం తెలియదు. అందుకే ఇలాంటి వార్త రాగానే ఊళ్లో రెండు మాటలు పుడతాయి. 'ఆర్మీవాళ్లు లోపల్లోపలే సర్దేసుకుంటారు' అన్నది ఒకటి, 'మిలట్రీలో వాదనా ఉండదు, వకీలూ ఉండడు' అన్నది మరొకటి. మొదటిది చనిపోయినవాడి తల్లిదండ్రుల గుండె కోస్తుంది. రెండోది నిందితుడి ఇంట్లో చేయగలిగిన పని కూడా చేయనివ్వదు. రెండూ తప్పే.

ముందు చూడవలసింది దెబ్బ తిన్నది ఎవరన్నది. 1950 నాటి సైనిక చట్టంలోని 69వ సెక్షను ప్రకారం మామూలు శిక్షాస్మృతిలోని నేరాలకు కూడా సైనికుడిని సైనిక కోర్టు విచారించవచ్చు. ఆ వెంటనే 70వ సెక్షను ఒక గీత గీస్తుంది. హత్య, హత్య కిందకు రాని ప్రాణహరణం, అత్యాచారం అనే మూడు నేరాలు సైనిక చట్టాల పరిధిలో లేని మనిషిపై, అంటే పౌరుడిపై జరిగితే కోర్టు మార్షల్‌కు, అంటే సైనిక కోర్టుకు, అధికారం లేదు. మామూలు కోర్టే విచారించాలి. నేరం క్రియాశీల విధుల్లో, అంటే శత్రువుపై చర్యల వంటి వాటిలో ఉండగా జరిగినా, దేశం బయట జరిగినా, సరిహద్దు పోస్టులో జరిగినా మాత్రం మినహాయింపు ఉంది. 1959లో నౌకాదళ కమాండర్ నానావతి బొంబాయిలో ఒక వ్యాపారిని కాల్చి చంపినప్పుడు ఆ కేసు సెషన్స్ కోర్టుకు, జ్యూరీ ముందుకు వెళ్లింది. కాల్చింది యూనిఫాం వేసుకునే మనిషే, చనిపోయింది మాత్రం పౌరుడు.

చనిపోయినవాడు కూడా సైనికుడే అయితే పౌర కోర్టుకూ సైనిక కోర్టుకూ రెండింటికీ అధికారం ఉంటుంది. ఏ కోర్టు విచారించాలో ఎంచుకునే అధికారాన్ని 125వ సెక్షను సైన్యం, కోర్, డివిజన్ లేదా ఇండిపెండెంట్ బ్రిగేడ్ కమాండింగ్ అధికారికి ఇచ్చింది. కోర్టు మార్షల్ కావాలని ఆయన నిర్ణయిస్తే నిందితుడిని సైనిక నిర్బంధంలో ఉంచమని ఆదేశించవచ్చు. ఈ కేసు తన దగ్గరే నడవాలని పౌర కోర్టు భావిస్తే 126వ సెక్షను కింద నోటీసు ఇస్తుంది. అప్పటికీ తేలకపోతే కేంద్ర ప్రభుత్వం చెప్పిందే చివరి మాట. మేజిస్ట్రేట్ సైన్యానికి తెలియజేయకుండా తనంతట తాను విచారణ మొదలుపెట్టకుండా 1978 నాటి నియమాలు ఉన్నాయి.

కాబట్టి కంటోన్మెంట్లో నేరం జరిగితే పోలీసులు గేటు బయటే ఆగిపోతారని అనుకోవద్దు. 2023 ఏప్రిల్ 12న పంజాబ్‌లోని బఠిండా మిలటరీ స్టేషన్లో నలుగురు ఆర్టిలరీ జవాన్లు బారక్‌లో నిద్రలోనే తూటాలకు బలయ్యారు. అంతకు కొద్ది రోజుల ముందే ఒక ఇన్సాస్ రైఫిలు, తూటాలు కనబడకుండా పోయాయి. ముసుగు మనుషులు వచ్చారని మొదట వినిపించింది. కేసు నమోదు చేసిందీ, కొద్ది రోజుల్లోనే అదే యూనిట్‌కు చెందిన ఒక జవానును అరెస్టు చేసిందీ పంజాబ్ పోలీసులే. ఆ తర్వాత విచారణ సైనిక కోర్టు చేతికి వెళ్లింది.

అన్నిసార్లూ ఇలాగే జరగాలని లేదు. 2014 డిసెంబరులో సిక్కింలో ఒక లాన్స్ నాయక్ తోటి సైనికుడిని కాల్చి చంపాడన్న కేసులో సైన్యం కోర్టు మార్షల్ పెట్టాలని కోరుకోలేదు, పౌర కోర్టు విచారణకే ఒప్పుకుంది. ఇది సైనిక కోర్టే తేల్చాలని హైకోర్టు అన్నది. 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఎంపిక చేసుకునే అధికారి కోర్టు మార్షల్‌ను ఎంచుకోకపోతే సెషన్స్ కోర్టుకు అడ్డేమీ లేదని తేల్చింది. ఏ కోర్టు అన్న ఒక్క ప్రశ్నకే ఏడేళ్లు పట్టాయి. ఆ ఏడేళ్లూ రెండు ఇళ్లలో ఎలా గడిచాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మన ఊళ్లలో సీఆర్‌పీఎఫ్‌లో ఉన్నవాడినీ 'మిలట్రీలో ఉన్నాడు' అనే అంటారు. చట్టం దృష్టిలో తేడా చాలా ఉంది. సీఆర్‌పీఎఫ్‌లో కోర్టు మార్షల్ అనేదే లేదు. 2021 నవంబరు 8న ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా లింగంపల్లి శిబిరంలో ఒక జవాను నలుగురు సహచరులను కాల్చి చంపినప్పుడు అది పోలీసులు చూసే మామూలు హత్య కేసు. బీఎస్‌ఎఫ్‌కు 1968 చట్టం కింద సొంత భద్రతా దళ కోర్టు ఉంది. నాలుగేళ్ల కోసం చేరే అగ్నివీరులు మాత్రం పూర్తిగా సైనిక చట్టం పరిధిలోకే వస్తారు. కేసు గురించి ఎవరైనా అడిగితే కొడుకు ఏ దళమో ముందుగా అడగాలని ఆ తర్వాత నేర్చుకున్నాను.

ఇప్పుడు బెయిలు సంగతి. నిందితుడు క్వార్టర్ గార్డులో, అంటే యూనిట్ నిర్బంధ గదిలో ఉంటే మన జిల్లా కోర్టు చేయగలిగింది ఏమీ లేదు. చట్టం అక్కడి కమాండింగ్ అధికారికి కొన్ని గడువులు పెట్టింది. ఆరోపణను పరిశీలించకుండా 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంచకూడదు, ఉంచితే కారణం పైకి తెలియజేయాలి. 8 రోజులు దాటినా కోర్టు మార్షల్ సమావేశం కాకపోతే ఆలస్యానికి కారణాలతో నివేదిక పంపాలి. సైనిక నిర్బంధంలో ఉన్నవాడికి బెయిలు ఇచ్చే అధికారం 2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు ఉంది. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. మరణశిక్షో జీవితఖైదో పడగల నేరం చేశాడని నమ్మడానికి తగిన ఆధారం కనిపిస్తే ట్రిబ్యునల్ కూడా విడుదల చేయకూడదని అదే చట్టం అంటుంది. ఆ తండ్రికి ఇది చెప్పడం కష్టమైంది. అయినా లేని ఆశ పెట్టి చెన్నైకి తిప్పడం అంతకన్నా పెద్ద తప్పని అనిపించింది.

కుటుంబాలు ఎదురుచూసేది కోర్టు తీర్పు కోసం. నా లెక్కలో అసలు కేసు అంతకు చాలా ముందే, 'సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్' అని జవాన్లు పిలిచే దశలో రూపుదిద్దుకుంటుంది. ఘటన జరగగానే యూనిట్ ఒక కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేస్తుంది. అది విచారణ కాదు, ఏం జరిగిందో తెలుసుకునే ప్రయత్నం. అక్కడ చెప్పిన మాటను గాని, ఒప్పుకున్న నేరాన్ని గాని తర్వాత అతనికి వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడకూడదని సైనిక నియమాల్లో 182వది చెబుతుంది. ఒక సైనికుడి వ్యక్తిత్వంపై మచ్చ పడేలా ఉంటే ఎంక్వయిరీ అంతటా అతన్ని ఉండనివ్వాలని, సాక్షులను ప్రశ్నించనివ్వాలని 180వది చెబుతుంది.

ఆ తర్వాత 23వ నియమం కింద సాక్ష్యాలను నిందితుడి ఎదుటే రాసుకుంటారు. సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్ అంటే ఇదే. ప్రతి సాక్షినీ ఎదురు ప్రశ్నించే హక్కు అతనికి ఉంది. చివర్లో అతన్ని అడుగుతారు: ఏమైనా చెప్పదలచుకున్నావా? చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు, చెబితే మాత్రం రాసుకుంటాం, అది సాక్ష్యంగా వాడవచ్చు. ఈ హెచ్చరిక కాగితం మీద నమోదు కావాలి. గదిలో ఎదురుగా ఉన్నది రోజూ సెల్యూట్ కొట్టే అధికారి. ఇరవై ఆరేళ్ల జవానుకు మౌనంగా ఉండే హక్కు ఉందని ఎంత చెప్పినా, 'సాబ్ అడిగితే జవాబివ్వకపోవడమా' అన్న అలవాటే పైకి వస్తుంది. మామూలు నేరవిచారణలో పోలీసు ఎదుట చెప్పిన ఒప్పుకోలు చెల్లదని మన పిల్లలకు సినిమాల వల్లయినా తెలుసు. ఇక్కడ ఆ గోడ లేదు.

సాక్ష్యం అంటే మనుషుల మాటలే కాదు. ఆయుధాలు ఉంచే గదిని జవాన్లు కోత్ అంటారు. అక్కడ ఒక రిజిస్టరు ఉంటుంది. ప్రతి రైఫిలుకూ మడమ మీద రాసిన నంబరు, తీసుకున్న గంట, తిరిగి ఇచ్చిన గంట, లెక్కపెట్టిన తూటాలు, పక్కన సంతకం. వకీళ్లు వల్లించే పెద్ద పెద్ద సూత్రాలు ఎన్నోసార్లు ఈ ఒక్క వరుస ముందు తేలిపోతాయి. తీవ్రమైన, ఆకస్మికమైన కవ్వింపుతో అదుపు తప్పి కాల్చాడని రుజువైతే నేరం హత్య నుంచి కిందికి దిగుతుంది. మధ్యాహ్నం మెస్సులో గొడవ జరిగి, అర్ధరాత్రి దాటాక రైఫిలు తీసినట్టు రిజిస్టరులో ఉంటే 'ఆకస్మికం' అన్న మాట ఎలా నిలుస్తుంది? గార్డు డ్యూటీకి అప్పటికే చేతిలో ఉన్న రైఫిలు ఆ క్షణపు మాటకు పేలిందంటే అది వేరే కథ.

ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ 'సెలవు ఇవ్వలేదు', 'అవమానించారు', 'ఇంటి దగ్గర పొలం గొడవ' అన్న కారణాలు వినిపిస్తాయి. కొన్ని నిజమే కావచ్చు. సరిహద్దు శిబిరంలో నిద్ర లేని మనిషికి ఇంటి నుంచి వచ్చే ప్రతి ఫోను ఒక బరువు. కానీ నిద్రలో ఉన్నవాడిని చంపడానికి సెలవు చీటీ జవాబు కాదు. మనం జాలిపడే తొందరలో, అవతలి ఇంట్లో కూడా సెలవు కోసం రోజులు లెక్కపెట్టిన తల్లి ఉందని మరచిపోతున్నాం. మానసిక స్థితి నిజంగా చెడిన సందర్భానికి చట్టంలో దారి ఉంది. మతి స్థిమితం లేక తనను తాను సమర్థించుకోలేడని గాని, చేసిన పని ఏమిటో తెలియని స్థితిలో చేశాడని గాని కోర్టు మార్షల్ తేల్చవచ్చు. దానికి వైద్య రికార్డు కావాలి. అంతకుముందు యూనిట్ డాక్టరు దగ్గరికి వెళ్లిన చీటీలు, ఇంటికి రాసిన ఉత్తరాలు, వింతగా పంపిన సందేశాలు ఉంటే కుటుంబం దాచి ఉంచాలి.

హత్య కేసును చూసేది జనరల్ కోర్టు మార్షల్, లేదా ముగ్గురు అధికారులు చాలే సమ్మరీ జనరల్ కోర్టు మార్షల్. కమాండింగ్ అధికారి ఒక్కడే కూర్చుని నడిపే సమ్మరీ కోర్టు మార్షల్ వేరు. అందులో ఏడాదికి మించి జైలు వేయలేరు. జనరల్ కోర్టు మార్షల్లో కనీసం ఐదుగురు అధికారులు ఉండాలి, ప్రతి ఒక్కరికీ మూడేళ్ల సర్వీసు నిండాలి, నలుగురైనా కెప్టెన్ ర్యాంకుకు తగ్గకూడదు. చట్టం చెప్పడానికి జడ్జి అడ్వొకేట్ తప్పనిసరిగా పక్కన ఉంటాడు. ఆయనకు ఓటు లేదు. ఫలానా సభ్యుడు నాకు వద్దని నిందితుడు అభ్యంతరం చెప్పవచ్చు. తన తరఫున నిలబడే డిఫెండింగ్ అధికారి దొరుకుతాడు, సొంత ఖర్చుతో బయటి వకీలునూ పెట్టుకోవచ్చు. తయారీకి 96 గంటలైనా ఇవ్వాలి, క్రియాశీల విధుల్లో అయితే 24.

ఓటింగు పద్ధతి నాకు చాలా నచ్చింది. అందరికన్నా చిన్న ర్యాంకు అధికారి మొదట తన అభిప్రాయం చెప్పాలి. కల్నల్ ముందు చెబితే కెప్టెన్ తల ఊపేస్తాడని ఆ నియమం రాసినవారికి తెలుసు. ఓట్లు సమానమైతే తీర్పు నిందితుడి వైపు. మరణశిక్షకు మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ముగ్గురి కోర్టులో అయితే ముగ్గురూ ఒప్పుకోవాలి.

వీటిలో చాలా ప్రశ్నలు ఒక పాత కేసులో పరీక్షకు నిలిచాయి. 1962 జూన్ 13న డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌కు చెందిన రామ్ సరూప్ అనే సిపాయి ఇద్దరు సిపాయిలను, ఒక హవల్దారును కాల్చి చంపాడు. 1963 జనవరి 12న జనరల్ కోర్టు మార్షల్ మరణశిక్ష వేసింది, కేంద్రం ఆమోదించింది. కేసును ఏ కోర్టుకు పంపాలో అధికారి ఇష్టానికి వదలడం సమానత్వ హక్కుకు విరుద్ధమని, తనకు నచ్చిన వకీలును పెట్టుకోనివ్వలేదని సిపాయి వాదించాడు. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు రెండూ తోసిపుచ్చింది. సైనికుల ప్రాథమిక హక్కులను కుదించే అధికారాన్ని రాజ్యాంగంలోని 33వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చిందని చెప్పింది. వకీలు మాట దగ్గర మాత్రం ఒక చిన్న వాస్తవం కేసును తేల్చింది: బయటి వకీలు కావాలని అతను అడిగినట్టు ఎక్కడా లేదు. అడగని హక్కును కాదన్నారని ఎలా అంటారు? ఉద్దానం తండ్రికి నేను రాసిచ్చిన కాగితంలో మొదటి వాక్యం ఇక్కడి నుంచే వచ్చింది: వకీలు కావాలని రాతపూర్వకంగా అడుగు, తేదీ వేయి.

తీర్పు చెప్పినంత మాత్రాన అమలు కాదు. పై అధికారి లేదా కేంద్ర ప్రభుత్వం ధ్రువీకరిస్తేనే చెల్లుతుంది. ఒకసారి తిప్పి పంపి పునఃపరిశీలించమని కూడా అనవచ్చు. ధ్రువీకరణకు ముందు ఒక విన్నపం, తర్వాత ఒక విన్నపం పెట్టుకునే వీలు 164వ సెక్షనులో ఉంది. నా అభ్యంతరం కూడా ఇక్కడే. విచారణ జరపాలని నిర్ణయించేదీ, కోర్టును సమావేశపరిచేదీ, తీర్పును ధ్రువీకరించేదీ ఒకే కమాండ్ వ్యవస్థ. ఆ అధికారులు అన్యాయం చేస్తారని నేను అనడం లేదు. ముద్దాయి ఇంట్లోనూ, బాధితుడి ఇంట్లోనూ నమ్మకం కుదరాలంటే ఈ మూడు పనుల మధ్య ఇంకా దూరం ఉండాలి. కోర్టు మార్షల్ పై ఒక్క అప్పీలు కూడా లేకపోవడం పెద్ద లోపమని 1982లోనే సుప్రీంకోర్టు బాధపడింది. ట్రిబ్యునల్ చట్టం రావడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఇప్పుడు ట్రిబ్యునల్‌కు అప్పీలు ఉంది, అక్కడి నుంచి ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటే సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు. ట్రిబ్యునల్ తీర్పులను హైకోర్టు రిట్ అధికారంతో పరిశీలించవచ్చని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

శిక్ష పడ్డాక లెక్కలు వేరు. విచారణ కాలంలో నిర్బంధంలో గడిపిన రోజులను జైలు శిక్షలోంచి తీసేసే వీలు సైనికులకు ముందు లేదు, 1992 సవరణతో వచ్చింది. సర్వీసు నుంచి డిస్మిస్ అయితే పింఛను సాధారణంగా పోతుంది. రాష్ట్రపతి విచక్షణతో ఇచ్చే అరుదైన సందర్భాలు తప్ప భార్యాపిల్లలకు ఆ ఆదాయం లేనట్టే.

ఇక చనిపోయినవాడి ఇల్లు. మామూలు కోర్టులో నిందితుడు విడుదలైతే అప్పీలు చేసుకునే హక్కును 2009 నుంచి చట్టం బాధితుల కుటుంబానికి ఇచ్చింది. సైనిక చట్టంలో అలాంటి ఏర్పాటు కనిపించదు. పేరుకు బహిరంగ విచారణే, జరిగేది కంటోన్మెంట్ గేటు లోపల, వేల కిలోమీటర్ల దూరంలో, తెలియని భాషలో. మరణాన్ని సర్వీసుతో ముడిపడినదిగా గుర్తించారా లేదా అన్నదాన్ని బట్టి కుటుంబ పింఛను రకం మారుతుంది. ఆ నిర్ణయం ఏమిటో అడిగే పని కుటుంబానిదే. అడగడానికి శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నాయి, ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. అలాంటి ఒక ఇంటికి కొన్నేళ్ల క్రితం వెళ్లాను. గోడ పక్కన ఆకుపచ్చ ట్రంకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. యూనిట్ నుంచి వచ్చిన రోజు తెరిచి, మడతపెట్టిన స్వెట్టరు చూసి మళ్లీ మూసేశారట. కేసు ఏమైందని అడిగితే ఆ తల్లి 'మాకెవరూ చెప్పలేదు నాయనా' అంది.

ఉద్దానం తండ్రికి నేను పెద్ద అక్షరాలతో తెలుగులో నాలుగు మాటలు రాసిచ్చాను. వకీలు కావాలని రాసి అడుగు. సాక్షులు చెప్పేటప్పుడు అక్కడే ఉండి, అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పు. నువ్వు మాట్లాడి తీరాలన్న రూలు లేదు. చదవకుండా, చదివించుకోకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఆయన చొక్కా జేబులో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఆస్పత్రిలో ఉన్న అబ్బాయిది ఏ ఊరో కనుక్కోవచ్చా బాబూ?" అని అడిగాడు. కనుక్కుని చెప్పాను. వేరే రాష్ట్రం, మా ఊళ్లలాంటి ఊరే.

మూడు రోజుల తర్వాత కొడుకుతో ఫోనులో మాట్లాడనిచ్చారు. నా ఎదుటే, స్పీకరు పెట్టి, వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివి వినిపించాడు. నాలుగోది చదవగానే అవతల కాసేపు మాట లేదు. తర్వాత వినిపించింది: "రేపు పెట్టమన్నారు నాన్నా. ఇంకా పెట్టలేదు."